బావ చైనా నుంచి మాత్రలు తెచ్చాడు, నాన్న పొట్టకి వాడమంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి

విభాగం: ఆరోగ్యం, మందూ మాకూ

పెన్న_గట్టు
శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎప్పుడూ క్రికెట్ విభాగంలో గొడవపడటమే గానీ ఇటు రావడం ఇదే మొదలు.

నాన్నకి 61. ఏడాదిగా పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలు తినేసరికి చాలంటారు. కిందటి నెల ఎండోస్కోపీ చేసి ముక్క తీసి పంపారు. రిపోర్టులో "క్రానిక్ అట్రోఫిక్ గ్యాస్ట్రైటిస్, ఇంటెస్టినల్ మెటాప్లేసియా" అని వచ్చింది. డాక్టరు "కేన్సర్ కాదు, గ్యాస్ మాత్ర వేసుకోండి, మళ్లీ ఓసారి చూద్దాం" అని రెండు నిమిషాల్లో పంపించేశాడు. ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే ఇది కేన్సర్‌కి ముందు మెట్టు అని ఉంది. అమ్మకి ఆ రోజు నుంచి నిద్ర లేదు.

మా బావ సరుకు కొనడానికి ఏడాదికి రెండు మూడుసార్లు చైనాలో యీవూ వెళ్తుంటాడు. అక్కడి ఏజెంటు "దీనికి మా దగ్గర మందుంది" అని ఆరు సీసాలు ఇప్పించాడట. పేరు వెయ్‌ఫుచున్. రోడ్డు పక్క మందు కాదు, ఫార్మసీలోనే కొన్నాడు. బావ ఒకటే పట్టు: "వేల ఏళ్ల వైద్యం, ఇప్పుడు సైన్సు కూడా ఒప్పుకుంది." పది పరిశోధన పత్రాల లింకులు కూడా పంపాడు. నేను బీకాం. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

నిజంగా సైన్సు ఒప్పుకుందా? ఎంతవరకు?

మందులకొట్టు_రమణ
శనివారం రాత్రి 10:05

ముందు ఒకటి చెప్పండి. బయాప్సీ రిపోర్టులో హెచ్ పైలోరి అనే పొట్ట బాక్టీరియా గురించి ఏం రాశారు? పాజిటివా, నెగటివా?

పెన్న_గట్టు
శనివారం రాత్రి 10:11

అలాంటిదేం కనపడలేదండీ. నా ఫోన్లో ఉన్న ఫొటో ఇదే.

చీనా_ఎంబీబీఎస్
శనివారం రాత్రి 11:30

నేను చైనాలో, జెజియాంగ్ రాష్ట్రంలోనే ఎంబీబీఎస్ చదివాను. మాకు చైనా సంప్రదాయ వైద్యం ఒక సబ్జెక్టు. అందరూ నిద్రపోయే క్లాసు అది, నాకు మాత్రం భలే నచ్చేది.

వెయ్‌ఫుచున్ అంటే "పొట్టకి మళ్లీ వసంతం" అని అర్థం. హాంగ్‌జౌలో హు చింగ్ యు తాంగ్ అని 1874 నాటి మందుల కొట్టు ఉంది, వాళ్ల సరుకు ఇది. మూడే దినుసులు: ఎర్ర జిన్సెంగ్, షియాంగ్‌చాచాయ్ అని తులసి కుటుంబపు మొక్క, తవుడుతో వేయించిన పుల్ల నారింజ ఎండు కాయ. అక్కడ ఇంగ్లిషు వైద్యం చేసే డాక్టర్లు కూడా రాస్తారు. మీ బావగారు మోసపోలేదు, అది నిజమే.

వాళ్లకి ఈ జబ్బు మీద అంత పట్టుదల ఎందుకంటే లెక్కలు అలా ఉన్నాయి. 2022లో ప్రపంచం మొత్తం మీద కొత్తగా వచ్చిన కడుపు కేన్సర్లు సుమారు 9.7 లక్షలు. అందులో 3.6 లక్షలు ఒక్క చైనావే.

కొలంబియాకి చెందిన పెలాయో కొర్రియా అనే పాథాలజిస్టు ఈ జబ్బుని మెట్లు మెట్లుగా విడదీశాడు. ముందు దీర్ఘకాలం వాపు. తర్వాత పొట్ట గోడలోని గ్రంథులు సన్నబడి పోవడం. ఆపైన పొట్ట గోడ పేగు గోడలా మారడం, అదే మీ నాన్నగారి రిపోర్టులో ఉన్న మెటాప్లేసియా. దాని తర్వాత డిస్‌ప్లేసియా, అంటే కణాల తీరు చెడటం, చివర్న కేన్సర్. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఏళ్లు పడుతుంది, ఎక్కువమంది అసలు పై మెట్టు ఎక్కరు. అమ్మగారికి ఈ మాట చెప్పండి ముందు.

సంప్రదాయ వైద్యులు ఇదే పొట్టని చూసి "ప్లీహం బలహీనపడింది" అంటారు. వాళ్ల ప్లీహం మన ఎడమ పక్కటెముకల కింద ఉండేది కాదు. తిన్నది ఒంటికి పట్టించే శక్తి మొత్తానికి అదొక పేరు. ఈ తేడా తెలియకుండా బావగారి లింకులు చదివితే పిచ్చెక్కుతుంది.

తేల్చిచెప్పు
ఆదివారం ఉదయం 7:15

వేల ఏళ్ల వైద్యం అట. మసూచికి అమ్మవారికి బోనాలు పెట్టింది కూడా వందల ఏళ్లే. పాతదైతే మంచిదని ఎవరు చెప్పారు? పసరు మందులన్నీ ఒకటే గంప, చైనావైతే ఏంటి, మనవైతే ఏంటి.

వైద్య_విజయ
ఆదివారం ఉదయం 8:02

నేను బీఏఎంఎస్, ఆయుర్వేద డాక్టర్ని. తేల్చిచెప్పు గారూ, గంప మొత్తం పారబోస్తే అందులో ఆర్టెమిసినిన్ కూడా పోతుంది. చైనా శాస్త్రవేత్త తు యూయూ ఏం చేసింది? నాలుగో శతాబ్దపు గె హోంగ్ గ్రంథంలో చలిజ్వరానికి చింగ్‌హావ్ మొక్కని నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడికి గుణం పోతుందేమో అని ఆమెకి తట్టింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీస్తే 1971లో పని చేసింది. 2015లో నోబెల్. మలేరియా మందు అది, ప్రాణాలు నిలిపింది.

హార్బిన్‌లో జాంగ్ టింగ్‌డోంగ్ వాళ్లు పల్లెల్లో వాడే పాషాణం మందుని పట్టుకుని 1970లలో ఒక రకం రక్త కేన్సర్‌కి వాడి చూశారు. ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ఇవాళ ప్రపంచమంతా ఆ జబ్బుకి ప్రామాణిక చికిత్సలో భాగం.

పిపెట్_పాపయ్య
ఆదివారం ఉదయం 10:48

విజయ గారి రెండు ఉదాహరణలూ నిజం. కానీ రెండూ కడుపు కేన్సర్‌వి కావు. పైగా రెండు చోట్లా చివరికి నిలబడింది ఒక్కో పదార్థం. పెన్న గట్టు గారి సీసాలో మూడు మొక్కల సారం ఉంది, వందల పదార్థాలు. దాన్ని పరీక్షించడం వేరే పని.

నేను కేన్సర్ కణాలు పెంచే ల్యాబులో ఉంటాను. బావగారి లింకులు పదీ తెరిచి చూశా. ఏడు "నెట్‌వర్క్ ఫార్మకాలజీ" పత్రాలు. అదేంటో చెప్తా.

త్సింగ్‌హువా విశ్వవిద్యాలయంలో లీ షావ్ అనే ఆయన ఈ ఆలోచనని ముందుకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు. జబ్బు అంటే ఒక్క ప్రోటీను చెడటం కాదు, ప్రోటీన్ల వల మొత్తం వంకర తిరగడం. కషాయంలోని పదార్థాలు ఆ వలని అక్కడో పోగు ఇక్కడో పోగు లాగి సరిచేస్తాయేమో, ఆ వలనే గురిగా పెట్టుకుందాం అన్నాడు. మంచి ఆలోచన. ఆయన బృందం ఊరికే కంప్యూటర్ ముందు కూర్చోలేదు కూడా. 2019లో వాపు దగ్గర్నుంచి తొలిదశ కేన్సర్ దాకా ఒక్కో మెట్టు మీదున్న రోగుల పొట్ట ముక్కలు తీసుకుని, ముప్పై వేలకి పైగా కణాలని ఒక్కోదాన్ని విడిగా చదివారు. మెటాప్లేసియాలో పేగు కణంగా మారబోతున్న కణాన్ని ముందే పట్టించే గుర్తు హెచ్ఈఎస్6 అనే జన్యువు కావచ్చని చూపించారు. "ఫలానా మందు పొట్టకి మంచిది" అనే మాటని "ఫలానా కణం మీద ఏం చేస్తుంది" అని మార్చి అడగాలంటే ఇలాంటి పటం ఉండాలి. సంప్రదాయ వైద్యంతో సంబంధం లేనివాళ్లకి కూడా పనికొచ్చే పని ఇది.

కానీ ఆ దారిలో వెనకాల వచ్చిన గుంపు ఉంది చూశారూ! ఇడ్లీ పాత్రలో పిండి పోసినట్టు పత్రాలు. ఒక డేటాబేసు తెరువు. నోటి ద్వారా ఒంటికి పట్టే శాతం 30 పైన, ఎంతవరకు మందులా ఉందో చెప్పే అంకె 0.18 పైన ఉన్న పదార్థాలు జల్లెడ పట్టు. కడుపు కేన్సర్ జన్యువుల జాబితాతో కలుపు. రంగురంగుల వల గియ్యి. ఏ కషాయం వేసినా చివర్లో తేలేది క్వెర్సెటిన్, కాంఫెరాల్, బీటా సిటోస్టెరాల్. ఏ జబ్బు వేసినా తేలేది పీఐ3కే-ఏకేటీ అనే కణం లోపలి సంకేతాల దారి. క్వెర్సెటిన్ ఉల్లిపాయలో ఉంటుంది బాబూ. ఆ లెక్కన పెసరట్టు మీద వేసే ఉల్లిపాయలకి కూడా ఇలాంటి పత్రం రాయొచ్చు. బావగారి ఏడింటిలో ఆరు ఈ రకమే. ఒక్క మనిషికి కాదు కదా, ఒక్క ఎలక కూడా మందు మింగలేదు.

పిపెట్_పాపయ్య
ఆదివారం ఉదయం 11:20

ఇంకొకటి మర్చిపోయా, ఇది వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

మిగతా మూడు పత్రాల్లో కణాల మీద ప్రయోగం చేశారు. రెండింటిలో వాడిన కణాల పేర్లు ఎస్‌జీసీ-7901, బీజీసీ-823. చైనాలో కడుపు కేన్సర్ పరిశోధనకి ఏళ్ల తరబడి ఇవే దిక్కు. తర్వాత డీఎన్ఏ వేలిముద్రలు తీసి చూస్తే అవి కడుపు కణాలే కాదని తేలింది. ఎంజీసీ-803 కూడా అంతే. అన్నీ హెలా. అంటే 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆవిడ గర్భాశయ ముఖద్వారపు కేన్సర్ నుంచి తీసిన కణాలు. అవి మహా మొండివి, ల్యాబులో ఒక్క చుక్క పొరపాటున పక్క గిన్నెలో పడితే అసలువాటిని తొక్కేసి అవే నిండిపోతాయి.

మూలిక "కడుపు కేన్సర్ కణాన్ని చంపింది" అని రాసిన చోట, చచ్చింది కడుపు కణమే కాదు. ఇది మూలికల తప్పు కాదు లెండి, ఇంగ్లిషు మందుల పత్రాలూ ఇదే గోతిలో పడ్డాయి.

పైగా గిన్నెలో కణాల మీద పోసే మోతాదు, మనిషి నెత్తుట్లో ఎప్పటికీ చేరనంత ఉంటుంది. ఆ మోతాదులో చింతపండు పులుసు పోసినా కణాలు చస్తాయి.

వైద్య_విజయ
ఆదివారం మధ్యాహ్నం 12:35

నెత్తుటి మాట నిజమే గానీ, మనం మాట్లాడేది పొట్ట గోడ గురించి. మింగిన మందు నెత్తుట్లోకి వెళ్లకముందే అక్కడ నేరుగా తగులుతుంది. ఊపిరితిత్తులకి చెప్పే లెక్క పొట్టకి సరిగ్గా సరిపోదు.

బెర్బెరిన్ చూడండి. వాళ్ల హువాంగ్‌లియాన్‌లో, మన మాను పసుపులో ఉండే పసుపు పదార్థం. ఒంటికి సరిగా పట్టదు. అయినా చైనాలో హెచ్ పైలోరి నాలుగు మందుల కోర్సులో బిస్మత్ తీసి బెర్బెరిన్ పెట్టి, ఆరు వందల మంది పైచిలుకు రోగుల మీద చూస్తే రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి.

ఇక మొత్తం కషాయాన్ని పరీక్షించలేం అనేది పాత మాట. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో యుంగ్-చి చెంగ్ బృందం 1800 ఏళ్ల నాటి హువాంగ్ చిన్ తాంగ్ కషాయం తీసుకుంది. నాలుగు దినుసులు, అందులో ఒకటి మన అతిమధురం. ఏ బ్యాచ్ తీసినా రసాయన ముద్ర ఒకేలా ఉండేట్టు కట్టుదిట్టం చేసుకున్నారు. ఇరినోటెకాన్ అనే కీమో మందు పేగుని పాడు చేసి విరేచనాలు పట్టిస్తుంది కదా. ఎలకల్లో ఈ కషాయం ఆ పేగు పొరని మళ్లీ మొలిపించిందని 2010లో అచ్చయింది. కీమో బలం తగ్గలేదు. మా కాలేజీల్లో ఈ పాఠం చెప్పాలని నా కోరిక. ఎవరూ చెప్పరు.

తేల్చిచెప్పు
ఆదివారం మధ్యాహ్నం 1:10

ఎలకలకి విరేచనాలు తగ్గాయి, సంతోషం. బ్రస్సెల్స్ సంగతి కూడా చెప్పండి మరి.

1990ల మొదట్లో అక్కడ ఒళ్లు తగ్గించే క్లినిక్‌లో చైనా మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్లకి వరసగా కిడ్నీలు పోయాయి. వంద మందికి పైగా. కారణం, ఫాంగ్‌జీ అనే పేరుతో రెండు వేర్వేరు మొక్కలున్నాయి, ఒకటి బదులు ఇంకోటి పడింది. రెండోది అరిస్టొలోకియా జాతి. ఆ తర్వాత వాళ్లలో చాలామందికి మూత్రనాళాల్లో కేన్సర్. ఆ విషం డీఎన్ఏలో ఎక్కడ కొరికిందో ఇప్పుడు సీక్వెన్సింగ్‌లో స్పష్టంగా కనబడుతుంది, దొంగ వేలిముద్ర వదిలిపెట్టినట్టు. తైవాన్‌లో ఇలాంటి కేన్సర్లలో అదే ముద్ర దొరికింది. ఆధునిక సైన్సు సంప్రదాయ వైద్యాన్ని పరీక్షించడం అంటే ఇది కూడా.

మన ఈశ్వరవేరు అదే జాతి మొక్క. పాము కాటుకి నూరి తాగిస్తారు ఇప్పటికీ.

వైద్య_విజయ
ఆదివారం మధ్యాహ్నం 1:22

ఈశ్వరవేరు విషయంలో మీతో వాదన లేదు. నేను ఎవరికీ ఇవ్వను, ఇవ్వొద్దని చెప్తాను.

కరీంనగర్_కాక
ఆదివారం మధ్యాహ్నం 3:40

జెర నా ముచ్చట కూడ వినుండ్రి. మా చిన్నాయనకు మూడేండ్ల కింద కడుపుల కేన్సరే. ఆపరేషన్ అయింది, కీమో నడుస్తుండె. చుట్టాలల్ల ఒకాయన "రక్తం పెరుగుతది" అని ఏదో చూర్ణం తెచ్చిచ్చిండు. చైనాది కాదు, ఈడిదే. డాక్టర్‌కు చెప్పలే మేము, తిడతడని. నాలుగో కీమోకు పోతే లివర్ టెస్టులు పైకి పోయినయ్. మూడు వారాలు కీమో ఆపిండ్రు. ఆ మూడు వారాలు మా చిన్నమ్మ మొఖం చూడలేకపోయిన.

ఆ చూర్ణం వల్లనే అయిందా అంటే నేను చెప్పలేను. కీమోతోని కూడ అయితది అన్నరు. గని చెప్పకుంట వాడినం చూడు, అది మా తప్పు. ఇప్పుడు మంచిగున్నడు, పొలం కాడికి పోతుండు.

మందులకొట్టు_రమణ
ఆదివారం సాయంత్రం 5:15

కాక చెప్పింది నేను రోజూ కౌంటర్ దగ్గర చూస్తుంటా. బీపీ మాత్రలు వాడుతూ అతిమధురం రోజూ తిన్నా పొటాషియం పడిపోతుంది, బీపీ లేస్తుంది. వంటింటి దినుసే కదా అంటారు.

పెన్న గట్టు గారూ, నాన్నగారు ఇంకేం మందులు వాడుతున్నారు? రక్తం పలచబడే మాత్ర ఉందా? జిన్సెంగ్ దానితో పడకపోవచ్చు.

అలాగే రిపోర్టు మొత్తం పెట్టమని మళ్లీ అడుగుతున్నా.

పెన్న_గట్టు
ఆదివారం సాయంత్రం 6:02

బీపీ మాత్ర, రాత్రిపూట ఆస్పిరిన్ చిన్నది. రిపోర్టు కాగితాలు అమ్మ బీరువాలో పెట్టింది, ఆవిడ పెళ్లికి కావలి వెళ్లింది, తాళం ఆవిడ దగ్గరే.

నాకు అర్థమైనంతలో కంప్యూటర్ పత్రాలు లెక్కలోకి రావు, గిన్నె పత్రాలు సగం తప్పు గిన్నెలు. మరి మనుషులకి ఇచ్చి చూసింది ఏమీ లేదా?

ఎన్నారై_నీలవేణి
ఆదివారం రాత్రి 8:50

ఉంది. నేను న్యూజెర్సీలో క్లినికల్ ట్రయల్స్‌కి గణాంకాలు చూస్తాను. ఇక్కడ పొద్దున, కాఫీ తాగుతూ రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది.

ముందు మీ బావగారి సీసాకి దగ్గరి చుట్టం. మోలువోదాన్ అని ఇంకో చైనా మూలికల మందు, ఇలాంటి పొట్టకే వాడతారు. బీజింగ్‌లో షియువాన్ ఆసుపత్రికి చెందిన తాంగ్ షుదోంగ్ బృందం ఇంకొన్ని ఆసుపత్రులతో కలిసి 196 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసింది. ఒక గుంపుకి మోలువోదాన్, రెండో గుంపుకి ఫోలిక్ యాసిడ్. ఎవరు ఏది మింగుతున్నారో రోగికీ తెలీదు, డాక్టరుకీ తెలీదు. ఆరు నెలలు. డిస్‌ప్లేసియా మాయమైంది మూలికల గుంపులో నూటికి సుమారు 25 మందికి, రెండో గుంపులో 15 మందికి. వినడానికి బాగుంది కదా? కానీ అంత చిన్న గుంపులో ఈ తేడా అదృష్టం వల్ల కూడా రావచ్చు, లెక్క ప్రకారం తేలలేదు. ఉబ్బరం, తేన్పులు, ఆకలి లేకపోవడం మాత్రం మూలికలతో స్పష్టంగా నయం.

నాకు ఈ పత్రం అంటే గౌరవం. గెలవకపోయినా గెలవలేదని అచ్చేశారు. ఎందుకంటే ఈ జబ్బులో మోసపోవడం చాలా తేలిక. పొట్ట గోడ అంతా ఒకేలా ఉండదు, అక్కడో మచ్చ ఇక్కడో మచ్చ. మొదటిసారి మచ్చ మీద ముక్క తీసి, రెండోసారి రెండంగుళాల పక్కన తీస్తే ఏ మందూ లేకుండానే "తగ్గింది" అని రిపోర్టు వస్తుంది. పోల్చడానికి రెండో గుంపు లేని పరిశోధన ఏదైనా, దానికి నేను సున్నా వేస్తా.

ఇంకో ఉచ్చు ఉంది. "కీమోతో పాటు మూలికలు ఆరు నెలలు వాడినవాళ్లు ఎక్కువ కాలం బతికారు" అని పాత రికార్డులు తిరగేసి రాసే పత్రాలు. ఆరు నెలలు వాడాలంటే ముందు ఆరు నెలలు బతకాలి కదండీ. ముందే పోయినవాళ్లంతా లెక్కలో "వాడనివాళ్ల" వైపు పడతారు. అలా లెక్క కడితే కర్పూరం వాసన చూసినా ఆయుష్షు పెరిగినట్టే తేలుతుంది.

ఇక అసలు కథ. షాన్‌డోంగ్ రాష్ట్రంలో లించూ అనే జిల్లా ఉంది. కడుపు కేన్సర్ విపరీతం అక్కడ. 1995లో 3,365 మందితో ఒక ట్రయల్ మొదలైంది. మూడు రకాల జోక్యాలు. రెండు వారాల పాటు హెచ్ పైలోరిని చంపే మందులు. లేదా ఏడేళ్ల పైచిలుకు విటమిన్ సి, ఇ, సెలీనియం. లేదా అన్నేళ్లూ వెల్లుల్లి సారం, వెల్లుల్లి నూనె. వీటిలో కొన్ని కొందరికి కలిపి, కొందరికి ఉత్తుత్తి మాత్ర.

2006లో చూశారు. వెల్లుల్లి వల్ల లాభం లేదు. బాక్టీరియా మందు వల్ల ముందస్తు మచ్చలు తగ్గాయి. 2012లో చూశారు. బాక్టీరియా మందు వేసుకున్నవాళ్లలో కేన్సర్ 39 శాతం తక్కువ. 2019లో, 22 ఏళ్ల తర్వాత చూశారు. ఈసారి వెల్లుల్లి గుంపులో కూడా కడుపు కేన్సర్ చావులు తక్కువగా ఉన్నాయి, కేన్సర్ రావడం మాత్రం కచ్చితంగా తగ్గిందని చెప్పలేకపోయారు. ఒకే ట్రయల్, వెల్లుల్లి మాత్రం మొదట ఒకలా, చివర్న ఇంకోలా కనపడింది. రెండు వారాల యాంటీబయాటిక్ మాత్రం ఎప్పుడు తెరిచినా పనిచేసినట్టే కనపడింది.

అదే జిల్లాలో తర్వాత 980 ఊళ్లు, లక్షా ఎనభై వేల మంది. ఊళ్లకి ఊళ్లనే గుంపులుగా విడదీసి బాక్టీరియా మందు ఇచ్చారు. దాదాపు పన్నెండేళ్లు చూశారు. 2024లో ఫలితం వచ్చింది. కేన్సర్ 14 శాతం తక్కువ.

రమణ గారు మొదటి నిమిషం నుంచి ఎందుకు ఒకటే అడుగుతున్నారో ఇప్పుడు అర్థమైందా?

చీనా_ఎంబీబీఎస్
ఆదివారం రాత్రి 9:15

నీలవేణి గారూ, దండం. లించూ ట్రయల్ మాకు పాఠంలో ఉంది, వెల్లుల్లి సంగతి మాత్రం పరీక్షలో రాలేదు కాబట్టి మర్చిపోయా.

కాస్త సరదా విషయం. సంప్రదాయ వైద్యులు నాలుక చూస్తారు కదా, మీద పూత తెల్లగా జిగటగా ఉందా, పసుపుగా మందంగా ఉందా అని. లీ షావ్ బృందమే 2012లో గ్యాస్ట్రైటిస్ రోగుల నాలుక పూత గీకి బాక్టీరియా డీఎన్ఏ చదివింది. తెల్ల పూత, పసుపు పూత వాళ్ల మధ్య బాక్టీరియా తేడాలు కనపడ్డాయి. చిన్న పరిశోధన, ఇరవై ముప్పై మందే. 2023లో జెజియాంగ్ కేన్సర్ ఆసుపత్రి వాళ్లు చాలా ఆసుపత్రుల నుంచి నాలుక ఫొటోలు పోగేసి, కడుపు కేన్సర్ ఉన్నవాళ్లని గుర్తుపట్టడం కంప్యూటర్‌కి నేర్పారు. బాగానే గుర్తుపట్టింది.

తేల్చిచెప్పు
ఆదివారం రాత్రి 9:20

రేపటి నుంచి వాట్సాప్‌లో అందరూ నాలుకలు పంపుతారు. పొద్దున్నే గుడ్‌మార్నింగ్ పువ్వుల బదులు.

పిపెట్_పాపయ్య
ఆదివారం రాత్రి 9:31

కేన్సర్ రోగి తిండి తినలేడు, నీరసం, నోరు ఎండుతుంది. నాలుక మారకుండా ఉంటుందా? కంప్యూటర్ పట్టింది కేన్సర్‌నా, నీరసాన్నా అన్నదే నా అనుమానం. మన పెన్న గట్టు నాన్నగారి లాంటి మెట్టు మీదున్నవాళ్లని విడదీయగలిగితే అప్పుడు టోపీ తీస్తా.

చావడి_పెద్ద
ఆదివారం రాత్రి 9:45

నాలుక ఫొటోలు ఇక్కడ పెట్టొద్దు. ఇప్పటికే ఇద్దరు పెట్టారు, తీసేశాను.

పెన్న_గట్టు
సోమవారం మధ్యాహ్నం 2:18

అమ్మ వచ్చింది. బీరువా తీశాం.

బయాప్సీ రిపోర్టు రెండు పేజీలు. నా ఫోన్లో ఉంది మొదటి పేజీ ఒక్కటే. రెండో పేజీలో పైన మూడో లైనులోనే ఉంది: "హెచ్ పైలోరి తరహా సూక్ష్మజీవులు కనిపించాయి, రెండు ప్లస్‌లు." ఆ రోజు డాక్టరు ఆ పేజీ తిప్పడం నేను చూడలేదు. మేమూ తిప్పలేదు. నెల రోజులు అయింది.

నిన్నంతా నేను చైనా మాత్రల మీద పీహెచ్‌డీ చేస్తున్నా, జవాబేమో అమ్మ పట్టుచీరల కింద ఉంది.

మందులకొట్టు_రమణ
సోమవారం మధ్యాహ్నం 2:30

కంగారు పడకండి, నెలతో మునిగిపోయేదేమీ లేదు. ఆ కాగితం పట్టుకుని గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వీలైతే ఇంకొకరి దగ్గరికి. మీరంతట మీరు మందులు కొనొద్దు, నా లాంటి కొట్టువాడు అడక్కుండా ఇచ్చినా తీసుకోవద్దు. మన దగ్గర ఈ బాక్టీరియా మెట్రోనిడజోల్, క్లారిథ్రోమైసిన్‌లకి చాలాచోట్ల లొంగడం లేదు. అరకొర కోర్సు వాడితే ఇంకా మొండికేస్తుంది.

అన్నట్టు, ఇది పొట్టలో ఉంటుందంటే డాక్టర్లే నమ్మని రోజుల్లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ 1984లో ఆ బాక్టీరియా ద్రావణం తానే తాగేసి జబ్బు తెచ్చుకున్నాడు. ఆయనకీ రాబిన్ వారెన్‌కీ 2005లో నోబెల్ వచ్చింది. మీ నాన్నగారికి చెప్పండి, మందులు మింగనంటే పనికొస్తుంది.

ఎన్నారై_నీలవేణి
సోమవారం సాయంత్రం 6:40

ఒక్క జాగ్రత్త. బాక్టీరియా పోయినా మెటాప్లేసియా మచ్చలు అలాగే ఉండిపోవచ్చు, వెనక్కి పోతాయని ఆశ పెట్టొద్దు. ముప్పు తగ్గుతుంది, సున్నా కాదు. మళ్లీ ఎండోస్కోపీ ఎప్పుడన్నది, ఎన్ని చోట్ల ముక్కలు తీస్తారన్నది డాక్టర్ని అడిగి రాసుకోండి.

పెన్న_గట్టు
బుధవారం రాత్రి 9:05

వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. అరగంట కూర్చోబెట్టింది. పద్నాలుగు రోజుల కోర్సు రాసింది: బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, గ్యాస్ మాత్ర. అయిపోయాక నెల ఆగి ఊపిరి పరీక్ష, దానికి రెండు వారాల ముందు గ్యాస్ మాత్ర ఆపాలి. అమ్మకీ నాకూ కూడా పరీక్ష చేయించుకోమంది. ఏడాదికి ఎండోస్కోపీ, ఐదు చోట్ల ముక్కలు.

సీసా కూడా చూపించా. నవ్వలేదు, తిట్టలేదు. లేబుల్ ఫోన్లో అనువాదం చేసి చదివింది. "ఉబ్బరానికి పనికొస్తే రావచ్చు. కానీ ఈ పద్నాలుగు రోజుల్లో వద్దు, ఏది పడకపోయినా ఏ మందు వల్లో తెలీదు. ఆస్పిరిన్ కూడా ఉంది. పరీక్ష నెగటివ్ వచ్చాక అప్పుడు మాట్లాడదాం" అంది.

బావ అలిగాడు. "నేను తెచ్చింది పనికిరాదన్నమాట" అని రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. లించూ కూడా చైనాలోనే ఉంది బావా, ఆ మందు కూడా వాళ్లు పరీక్షించిందే అని మెసేజ్ పెట్టా. నీలం టిక్కులు పడ్డాయి.

వైద్య_విజయ
బుధవారం రాత్రి 9:30

ఆ డాక్టరమ్మ చెప్పింది నేను చెప్పినా అదే. సీసాలు చల్లగా పొడిగా ఉన్నచోట పెట్టండి, తేదీ చూసుకోండి.

మందులకొట్టు_రమణ
బుధవారం రాత్రి 9:52

మెట్రోనిడజోల్ ఉన్నన్నాళ్లూ చుక్క మందు కూడా వద్దని నాన్నగారికి చెప్పండి. టెట్రాసైక్లిన్‌ని పాలతో మింగకూడదు. బిస్మత్ వల్ల మలం నల్లగా వస్తుంది, తారులా జిగటగా మాత్రం రాదు. నాలుక కూడా నల్లబడొచ్చు. రక్తం పోతోందని హడలిపోవద్దు. కళ్లు తిరిగినా, నెత్తుటి వాంతి అయినా మాత్రం వెంటనే ఆసుపత్రికి.

తేల్చిచెప్పు
బుధవారం రాత్రి 9:55

నాలుక నల్లబడితే ఆ జెజియాంగ్ కంప్యూటర్‌కి పంపండి, తలకిందులవుతుంది.

పెన్న_గట్టు
శనివారం ఉదయం 6:50

రమణ గారూ, మీరు ముందే చెప్పబట్టి బతికిపోయాం. ఇందాక నాన్న బాత్‌రూమ్‌లోంచి అమ్మని ఒక్క కేక పెట్టారు.

కరీంనగర్_కాక
శనివారం ఉదయం 7:20

గంతేనా, మా చిన్నాయన అయితె వాడంత లేపిండు.